కుర్చీ చప్పుడుకు పావుగంట ముందు

పోయినేడాది శ్రీకాకుళంలో మా కొత్త సంగీత నాటకం మొదటి ప్రదర్శన. నేను హార్మోనియం దగ్గర ఉన్నాను. ఇంటర్వెల్ అయ్యాక రెండో పాట ఎత్తుకున్నామో లేదో, వెనక వరసల్లో ప్లాస్టిక్ కుర్చీలు జరిగిన చప్పుడు వినబడింది. కాసేపటికి బయట బైకు స్టార్టయింది. ఇంకోటి. ఆ తర్వాత వరసగా. వేళ్లు మెట్ల మీద ఆడుతూనే ఉన్నాయి గానీ చెవులు మాత్రం ఆ బైకుల మీదే ఉన్నాయి. తెర పడేసరికి హాల్లో సగం మంది మిగిలారు. అందులో చాలామంది మా చుట్టాలే.

కథ చిన్నదే. పొందూరులో నూలు వడికే ఒక అవ్వ, పని వెతుక్కుంటూ వలసపోవాలనుకునే ఆమె మనవడు. పద్నాలుగు పాటలు, రెండు పద్యాలు, రెండు గంటల యాభై నిమిషాలు. ఆ రాత్రి వ్యాన్‌లో విజయనగరం తిరిగొస్తూ అందరం ఒకటే మాట అనుకున్నాం: ఆ రెండో పాట తీసేద్దాం. జనం లేచింది అక్కడే కదా, తప్పు కూడా అక్కడే ఉంటుందనుకున్నాం.

అలా ఉండదని తెలుసుకోవడానికి మాకు ఇంకో రెండు ప్రదర్శనలు పట్టాయి. ఒకసారి జనం ముందు ఆడేసిన సంగీత నాటకాన్ని బాగుచెయ్యడం ఎందుకంత చిక్కుపనో, ఎక్కడ మొదలుపెట్టాలో మా అనుభవంలోంచి, ఇతరుల అనుభవాల్లోంచి అర్థమైనంత వరకు రాస్తున్నాను. మన జిల్లాల్లో కొత్త నాటకం వేసేవాళ్లు తక్కువైపోయారు. వేసినవాళ్లు ఒక్క చెడ్డ రాత్రితో మానేయకూడదని నా కోరిక.

ముందుగా ఒక మాట. "నాటకం ఆడట్లేదు" అన్నప్పుడు అందులో మూడు జబ్బులు కలిసిపోయి ఉంటాయి. జనం అసలు రావట్లేదా? వచ్చి మధ్యలో లేచిపోతున్నారా? లేక చివరిదాకా కూర్చుని, ఏ స్పందనా లేకుండా ఇంటికెళ్లిపోతున్నారా? మొదటిది చాలాసార్లు నాటకంలో లోపం కాదు. ప్రచారం చాలకపోవచ్చు, పరీక్షల సీజను కావొచ్చు, ఆ రోజు క్రికెట్ మ్యాచ్ ఉండొచ్చు. దానికి స్క్రిప్టు తిరగరాస్తే రోగమొకటి మందొకటి. రెండోది అల్లికలో లోపం. మూడోది అన్నిటికన్నా కష్టం, కథే మనసుకు తగల్లేదన్నమాట.

ఈ జబ్బులు కలగాపులగంగా వచ్చిన నాటకాన్ని ఆడుతూ ఆడుతూనే ఎలా నిలబెట్టారో చూడాలంటే అమెరికాలో ‘కేమలాట్’ అనే సంగీత నాటకానికి జరిగింది మంచి ఉదాహరణ. 1960లో టొరంటోలో ట్రయల్‌గా వేసినప్పుడు అది నాలుగు గంటలు దాటింది. దర్శకుడు మాస్ హార్ట్‌కు అప్పుడే గుండెపోటు వచ్చింది. ఎలాగో తగ్గించి డిసెంబరు 3న న్యూయార్క్‌లో తెర తీశారు. సమీక్షలు అంతంతమాత్రంగానే వచ్చాయి. మామూలుగా అయితే తెర లేచాక దర్శకుడి పని అయిపోయినట్టే. కానీ హార్ట్ కోలుకుని 1961 మొదట్లో తిరిగొచ్చాడు. ఆడుతున్న నాటకంలోనే మళ్లీ కోతలు పెట్టించాడు, పాటలు కూడా తీయించాడు. ఆ మార్చిలో ఎడ్ సల్లివన్ టీవీ కార్యక్రమంలో ఆ నాటకం పాటలు, సీన్లు కొన్ని వేశారు. మర్నాడు టికెట్ల కౌంటరు ముందు క్యూ కట్టారు. మొత్తం 873 ప్రదర్శనలు నడిచింది. చాలామంది టీవీ కాపాడిందని చెబుతారు. నాకు మాత్రం అందులో వరస ముఖ్యమనిపిస్తుంది. ముందు ఇల్లు చక్కబెట్టుకున్నారు, తర్వాత చుట్టాలను పిలిచారు. ఆ కోతలు లేకుండా ఆ జనమంతా ముందే వచ్చి ఉంటే, వాళ్లు బయటికెళ్లి చెప్పే మాట ఇంకోలా ఉండేది.

న్యూయార్క్‌లో పెద్ద నాటకశాలలుండే బ్రాడ్‌వేలో ఇలాంటి మార్పులకు ఒక పద్ధతి ఉంది. పాతరోజుల్లో ముందు వేరే ఊళ్లో ఆడేవారు. ఇప్పుడు న్యూయార్క్‌లోనే అసలు ప్రారంభానికి ముందు వారాల తరబడి ప్రివ్యూలు వేస్తారు. నటులు పగలు కొత్త సీను నేర్చుకుంటారు, రాత్రి టికెట్టు కొన్నవాళ్ల ముందు పాత సీనే ఆడతారు. ఒకే బుర్రలో రెండు నాటకాలు మోయాలి. ఏదో ఒక రోజు దర్శకుడు ఇక చాలంటాడు. దాన్ని ఫ్రీజ్ చెయ్యడం అంటారు. ఆ తర్వాత ఒక్క అడుగు కూడా మారదు.

మనకు ప్రివ్యూలు లేవు. మొదటి ప్రదర్శనే ప్రివ్యూ. చూడ్డానికి వచ్చినవాళ్లకు ఆ సంగతి మనం చెప్పం కూడా. అయితే మన నేల మీదే అసలు ఫ్రీజ్ అన్నదే లేని కళ ఒకటుంది. తూర్పు భాగవతం. సత్యభామ వేషం కట్టినాయన జనం ముఖాలు చూస్తూ దరువు పాట పొడిగిస్తాడు, మాటలు పెంచుతాడు, కునుకుతున్నారనుకుంటే మద్దెల వైపు ఒక్క చూపు చూస్తాడు. మద్దెలాయన అందుకుంటాడు. రాత్రంతా నడిచే ఆటలో మరమ్మతు ఆటలో భాగమే. నా చిన్నప్పుడు అది చూసి అంతా ముందే అనుకుని చేస్తున్నారనుకునేవాణ్ని. తరతరాలుగా ఆడగా ఆడగా ఏది సాగుతుందో, ఏది సాగదో వాళ్ల ఒంటికి తెలిసిపోయింది. కొత్త నాటకానికి ఆ ఆస్తి లేదు. పైగా మా నాటకంలో కొన్ని పాటలకు ముందే రికార్డు చేసిన ట్రాక్ ఉంది. ట్రాక్ ఎవరి ముఖమూ చూడదు.

సరే, రెండో ప్రదర్శనకు ఆ పాట తీసేశాం. ఈసారి జనం దానికి ముందున్న సంభాషణలోనే లేవడం మొదలుపెట్టారు. ఏడు నిమిషాల పాట పోయింది, కుర్చీల చప్పుడు ఏడు నిమిషాలు ముందుకు జరిగింది, అంతే.

మనిషి విసుగొచ్చిన క్షణంలోనే లేవడు. మొదట కాలు మార్చుకుంటాడు, తర్వాత ఫోన్ చూస్తాడు, పక్కవాడితో ఒక మాటంటాడు, మొహమాటంతో ఇంకాసేపు చూస్తాడు, ఎవరో ఒకరు లేస్తే తనూ లేస్తాడు. అంటే కుర్చీ చప్పుడు వినపడేసరికే నాటకం అతని చేతిలోంచి జారిపోయి చాలాసేపయింది. కనీసం పావుగంట వెనక్కి వెళ్లి వెతకాలి. చాలాసార్లు ఇంకా వెనక్కి, తెర లేచిన మొదటి నిమిషాల దాకా.

ఈ సంగతికి సంగీత నాటక చరిత్రలో పేరుపడ్డ ఉదాహరణ ఒకటుంది. 1962లో ‘ఎ ఫన్నీ థింగ్ హ్యాపెన్డ్ ఆన్ ద వే టు ద ఫోరమ్’ అనే హాస్య నాటకాన్ని న్యూయార్క్ రాకముందు వాషింగ్టన్‌లో ఆడారు. జనం నవ్వడంలేదు. హాస్య నాటకానికి అంతకన్నా చావు లేదు. సాయానికి పిలిస్తే పేరున్న దర్శకుడు, నృత్యకర్త జెరోమ్ రాబిన్స్ వచ్చి చూసి, సీన్ల జోలికి పోకుండా మొదటి పాటనే పట్టుకున్నాడు. ఆ పాట ప్రేమ గురించి, మెత్తగా, తియ్యగా ఉంది. అది విన్నవాళ్లు ఏదో సున్నితమైన ప్రేమకథ అనుకుని కూర్చుంటారు. తర్వాత వచ్చే గెంతులూ గందరగోళమూ వాళ్లకు మింగుడుపడవు. ఇది అల్లరి నాటకమని ముందే చెప్పెయ్యమన్నాడు. ఆ నాటకానికి పాటలు కట్టిన స్టీఫెన్ సాండ్‌హైమ్ కొత్త ప్రారంభ గీతం రాశాడు. అంతకుముందు నవ్వు రాని జోకులకే నవ్వులు మొదలయ్యాయి. న్యూయార్క్‌లో 964 ప్రదర్శనలు ఆడింది.

అంత దూరం వెళ్లక్కర్లేదు కూడా. మా ఊళ్లో కోట ఎదురుగా బొంకులదిబ్బ ఉంది. ‘కన్యాశుల్కం’ అక్కడే మొదలవుతుంది. గిరీశం ఒక్కడూ వచ్చి తనలో తాను మాట్లాడుకుంటాడు. ఊళ్లో అప్పులయ్యాయి, పరువు పోయింది, ఇక్కణ్నుంచి బయటపడాలి. కాసేపటికే వెంకటేశం వస్తాడు, బయటపడే దారి దొరుకుతుంది. ఆ మనిషి ఎలాంటివాడో, అతనికేం కావాలో, దానికోసం ఎంతకు తెగిస్తాడో కుర్చీలో సర్దుకుని కూర్చునేలోపే మనకు తెలిసిపోతుంది. మిగిలిన రాత్రంతా ఆ పునాది మీదే నిలబడుతుంది. రోజూ ఆ దారిన పోతూ కూడా మాకు ఈ సంగతి తట్టలేదు.

మాకు తట్టించినాయన వేరు. మూడో ప్రదర్శన రాజాం దగ్గర ఒక ఊళ్లో, గుడి ముందు పందిట్లో. అయిపోయాక నేను హార్మోనియం పెట్టెలో సర్దుతుంటే భుజాన తుండుగుడ్డతో ఒక పెద్దాయన వచ్చి నిలబడ్డారు. "పాటలు బాగున్నాయి బాబూ. గానీ ఆ ముసలమ్మకేటి కావాల, ఆ గుంటడికేటి కావాల, మాకెప్పుడు సెప్పినారు? సగమాట అయిపోనాక సెప్తే మేమేటి సేస్తాం?"

ఆ రాత్రే స్క్రిప్టు తీసి గడియారం పెట్టుకుని చూశాం. మనవడు ఊరు విడిచి వెళ్లాలనుకుంటున్నాడన్న మాట మొదటిసారి వినబడేది ముప్ఫై ఏడో నిమిషంలో. అంతకుముందు ఏముంది? ఖద్దరు గొప్పదనం మీద పన్నెండుమంది బృందగానం, ఒక హాస్యం సీను, సంత పాట. దేనికదే బాగుంది. కానీ జనాన్ని పండక్కి పిలిచి కూర్చోబెట్టి, నలభై నిమిషాల తర్వాత ఇది వీడ్కోలు కథ అని చెప్పాం.

కొత్త ప్రారంభం ఇలా చేశాం. తెర లేచేసరికి అవ్వ ఒక్కతే. చేతిలో వాలుగ చేప దవడ ఎముక. పొందూరులో సన్న నూలు కోసం పత్తిని ఇప్పటికీ దానితోనే దువ్వుతారు. ఆ సన్నటి పళ్లు పత్తిలో దిగి బయటికొచ్చేటప్పుడు చిన్న గరగర వినిపిస్తుంది. మైకు దగ్గరగా పెట్టాం. పాట లేదు, తబలా లేదు, ఆ గరగర ఒక్కటే. ఆమె పక్కన ఒక ప్రయాణపు సంచి ఉంటుంది. అవ్వ దువ్వుతూ దువ్వుతూ ఆగుతుంది. సంచి జిప్పు లాగి లోపలికి చూస్తుంది. మళ్లీ మూసేస్తుంది. మళ్లీ పత్తి అందుకుంటుంది. అప్పుడు ఎనిమిది లైన్ల పాట. ఆ తర్వాత మనవడొచ్చి "ఎల్లుండి రైలు" అంటాడు. మొత్తం ఆరు నిమిషాలు.

మరి పాత బృందగానం? దాన్ని పారేద్దామనే అనుకున్నాం. బాణీ నాది కాబట్టి నాకు బాధేసింది గానీ ఒప్పుకున్నాను. దర్శకుడు మేష్టారు ఆగమన్నారు. దాన్ని తీసుకెళ్లి రెండో అంకంలో, మనవడు వెళ్లిపోయే ముందు రాత్రి పెట్టారు. ఇరుగుపొరుగు వచ్చి అదే పాట అంతే హుషారుగా పాడతారు, అవ్వ మాత్రం నోరు విప్పదు. ఒక్క అక్షరం మార్చలేదు, స్వరం మార్చలేదు. మొదట్లో జనం ఫోన్లు చూసుకున్న పాటకే నాలుగో ప్రదర్శనలో ముందు వరస ఆడవాళ్లు కళ్లు తుడుచుకున్నారు. పాటలో బాగోగులు సగం పాటలో ఉంటాయి, సగం అది వచ్చే చోటులో ఉంటాయి. ఇరవై ఏళ్లుగా హార్మోనియం వాయిస్తున్నాను, ఈ విషయం ఇంత స్పష్టంగా ఎప్పుడూ చూడలేదు.

ఇంతవరకు వింటే తేలిగ్గా అనిపిస్తుంది. కానీ సంగీత నాటకంలో ఒక దారం లాగితే పదిచోట్ల ముడి పడుతుంది. మాట నాటకంలో ఒక సీను కొట్టేస్తే నటులు మర్చిపోతే చాలు. ఇక్కడలా కాదు. అవ్వ వేషం వేసే అక్క ఇదివరకు మొదటి పాట పాడేసరికి అప్పటికే బృందంతో గొంతు కలిపి ఉండేది, ఐదు శ్రుతిలో హాయిగా పాడేది. ఇప్పుడు తెర లేవగానే చల్లటి గొంతుతో ఎత్తుకోవాలి. నాలుగుకు దించాం. దించగానే వేణువు ఆయన ఇంకో వేణువు తీయాలి. తబలా ఆయన పాటకూ పాటకూ మధ్య శ్రుతి మార్చడానికి సుత్తి పట్టుకుని కూర్చోలేడు కదా, ఇంకో కుడి తబలా మోసుకొచ్చాడు. కీబోర్డుకు ఒక బటన్ చాలు. రికార్డు చేసిన ట్రాక్ ఉంటే మాత్రం స్టూడియోకి వెళ్లాల్సిందే. బ్రాడ్‌వేలో ఇరవై పైచిలుకు వాద్యాలుంటే, ఒక పాట శ్రుతి మారితే ఒక్కో వాద్యానికీ నొటేషన్ కాగితం మళ్లీ సిద్ధం కావాలి, అదీ తెల్లారేసరికి. మార్పు ఖరీదంతా అక్కడుంది.

పద్యానికైతే ఇంకో చిక్కు. మనవడికి ఒక ఉత్పలమాల ఉంది. అది సాగుతోందని ఒక పాదం తీసేద్దామంటే కుదరదు. నాలుగు పాదాలు, పాదానికి ఇరవై అక్షరాలు, యతి, ప్రాస. ఉంటే నాలుగూ ఉండాలి, లేకపోతే మొత్తం పోవాలి. తగ్గించగలిగేది రాగాలాపన ఒక్కటే. మూడు నిమిషాల ఆలాపనను ముప్పావు నిమిషానికి తెచ్చాం. పాడే తమ్ముడు మొదట ఒప్పుకోలేదు, "అక్కడే కదండీ వన్స్ మోర్ పడింది" అన్నాడు. పడిన మాట నిజం. కానీ వన్స్ మోర్ ఆ గొంతుకు పడింది, కథకు కాదు. మన పద్యనాటకాల్లో ఈ రెంటికీ తేడా చూడకపోవడం వల్ల చాలా మంచి కథలు మధ్యలో నిలిచిపోయాయని నా గట్టి నమ్మకం. ‘హరిశ్చంద్ర’లో కాటిసీను పద్యాలు జనానికి కంఠతా వచ్చు, వాటికోసమే వస్తారు, వాటి మీద చెయ్యివేస్తే ఊరుకోరు. ఎవరికీ తెలియని కొత్త కథకు ఆ హక్కు ఇంకా రాలేదు.

అన్నిటికన్నా బరువైనది మనుషుల సంగతి. సంత పాట పూర్తిగా తీసేశాం. అది పాడే ఆయన మూడు నెలలపాటు డ్యూటీ దిగి బొబ్బిలి నుంచి బండి మీద రిహార్సల్స్‌కి వచ్చాడు. పాట పోయిన సంగతి ఆయనకు వాట్సాప్ గ్రూపులో తెలిసింది. అది మేం చేసిన తప్పు. మర్నాడు మేష్టారు, నేను ఇంటికెళ్లి కూర్చున్నాం. ఆయన టీ ఇచ్చాడు, ఏమీ అనలేదు, వెళ్లేటప్పుడు "మా పాపకి పాటంతా వచ్చేసిందండి" అన్నాడు. ఇప్పుడు ఆయనకు మూడు మాటలున్న వేషం. ఇంకా వస్తున్నాడు. మరమ్మతు గురించి మాట్లాడేవాళ్లు కోతల లెక్క చెబుతారు గానీ, కోసిన ప్రతిచోటా ఒక మనిషి ఉంటాడు. ఆ మాట ముఖాముఖి చెప్పే ధైర్యం లేని బృందం మార్పులు మొదలుపెట్టకపోవడమే మంచిది.

ఇంకో ప్రశ్న: ఎవరి మాట చెల్లాలి? బ్రాడ్‌వేలో రచయిత అనుమతి లేకుండా అతని మాట మార్చడానికి ఒప్పందం ఒప్పుకోదు. మా రచయితకు నేను ఫోన్ చేసి ప్రతి కోతా చదివి వినిపించాను, రెండు కుదరవన్నారు, వదిలేశాం. అందరూ ఒక మాట మీద ఉన్నారు కాబట్టి గడిచింది. లేకపోతే ఏమవుతుందో ‘స్పైడర్‌మ్యాన్: టర్న్ ఆఫ్ ద డార్క్’ చూపించింది. దాదాపు 7.5 కోట్ల డాలర్ల ఖర్చు. 2010 నవంబరులో ప్రివ్యూలు మొదలై 182 దాకా సాగాయి. మధ్యలో దర్శకురాలు జూలీ టేమర్‌ను పక్కకు తప్పించి, సుమారు మూడు వారాలు మూసి, కథను తిరగరాయించారు. 2011 జూన్‌లో ప్రారంభమై 2014 జనవరిలో మూతపడింది, పెట్టుబడి తిరిగి రాలేదు. లండన్‌లో ‘లవ్ నెవర్ డైస్’ను 2010 మార్చిలో ప్రారంభించి, అదే ఏడాది నవంబరులో కొద్దిరోజులు ఆపి సరిచేశారు. మరుసటి ఆగస్టులో అదీ మూతపడింది. ఆ 2011లోనే మెల్‌బోర్న్‌లో కొత్త రంగాలంకరణతో, కొత్త దర్శకుడితో మళ్లీ మొదటినుంచి కట్టారు. అతుకులతో కాని పని కొన్నిసార్లు కొత్త గోడలతో అవుతుంది.

దానికి కాలం కావాలి. న్యూయార్క్‌లో 1981లో ‘మెరిలీ వి రోల్ అలాంగ్’ పదహారు ప్రదర్శనలతో ఆగిపోయింది. రాసినవాళ్లు వదల్లేదు, పాటలు మార్చారు, సీన్లు మార్చారు. 2023లో మళ్లీ బ్రాడ్‌వేకి వచ్చి మరుసటి ఏడాది ఉత్తమ పునఃప్రదర్శనకు టోనీ అవార్డు తెచ్చుకుంది. గురజాడ వారి సంగతి ఇంకా పెద్ద పాఠం. ‘కన్యాశుల్కం’ 1892లో విజయనగరంలో జగన్నాథ విలాసినీ సభ వేసింది, జనం మెచ్చుకున్నారు, 1897లో అచ్చయింది. ఆడని నాటకం కాదది. అయినా ఆయన తృప్తిపడక 1909లో దాదాపు కొత్త నాటకంగా తిరగరాశారు. మధురవాణి ఇప్పుడు మనకు తెలిసిన మధురవాణి అయింది ఆ రెండో కూర్పులోనే. మెచ్చిన నాటకాన్నే పదిహేడేళ్ల తర్వాత విప్పి మళ్లీ కట్టిన మనిషి తిరిగిన వీధుల్లో ఉంటూ, మూడు ప్రదర్శనలకే మేం నిరాశపడ్డాం.

పోయిన నెల ఆరో ప్రదర్శన అయింది. నిడివి రెండు గంటల పది నిమిషాలకు వచ్చింది. ఇంటర్వెల్ తర్వాత బైకులు స్టార్టవడం ఆగింది. కానీ చివర్లో ఆమదాలవలస స్టేషన్ సీనులో మళ్లీ వెనక నుంచి కుర్చీ చప్పుడు వినబడింది, నాలుగైదు కుర్చీలు. స్టేషన్ సీను తగ్గించాలని వ్యాన్‌లో అందరూ అన్నారు. నేను ఇంటికొచ్చి స్క్రిప్టు తీసి పావుగంట వెనక్కి లెక్కపెట్టాను. వేలు వెళ్లి ఆగింది నా బృందగానం మీదే. దాని చివర నేనే ఇష్టపడి పెట్టుకున్న మూడో చరణం ఉంది. అవ్వ మౌనం రెండో చరణానికే అందరికీ అర్థమైపోతుంది. రేపు రాత్రి రిహార్సల్ ఉంది. మేష్టారితో ముందే ఫోన్‌లో చెప్పాను.